మా యాసకు నవ్వినవాళ్ళూ, మా యాసలో నవ్వించినవాళ్ళూ

మీ అభిమాన తార ఎవరని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది హీరో పేరు చెబుతారు. నేను మాత్రం గుండు హనుమంతరావు పేరు చెబుతాను. నవ్వకండి! గద్వాలలో పుట్టి, వనపర్తిలో చదివి, నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న నాకు ఊళ్ళు మారాయి, సినిమా హాళ్ళు మారాయి, నేల టికెట్ పోయి బాల్కనీ వచ్చింది. కామెడీ పిచ్చి ఒక్కటే మారలేదు. ఏడుపు సినిమా అంటే ఆమడ దూరం. ఫైటింగ్ మొదలైందంటే బయటికి పోయి మిర్చిబజ్జీలు కట్టించుకొస్తాను. కామెడీ సీను వస్తోందంటే మాత్రం పక్కవాడు భుజం మీద నిద్రపోతున్నా కదలను.

ముందుగా బుల్లితెర సంగతి చెబుతాను. మీకు తెలుసో లేదో, హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. అంతకు ముందే, 1975-76లో, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన ప్రయోగంలో మా పాలమూరు జిల్లా కూడా వుంది. అంటే పట్నంవాళ్ళకంటే ముందే మా జిల్లా పల్లెలు టీవీ చూశాయన్నమాట! ఈ ఒక్క విషయంలో మేము ముందున్నామని మా పెద్దలు గొప్పగా చెప్పుకునేవారు. ఆ టీవీలో వ్యవసాయం, ఆరోగ్యం, చదువు తప్ప పెద్దగా ఏమీ వచ్చేది కాదనుకోండి, అది వేరే సంగతి.

నేను టీవీకి అతుక్కుపోయింది 1980ల నడుమ. మా వీధి మొత్తానికి ఒకే టీవీ. 'యే జో హై జిందగీ' వచ్చే రాత్రి ఆ ఇంటి వసారాలో చెప్పులు గుట్టలు పడేవి. గద్వాలలో హిందీ, ఉర్దూ అర్థం కానివాళ్ళు తక్కువ. అందుకని మాకు నవ్వడానికి తర్జుమా అక్కర్లేకపోయింది. అందులో సతీష్ షా వారానికో వేషం వేసేవాడు. ఈ వారం ఏ వేషంలో వస్తాడా అని పందేలు కట్టుకునేవాళ్ళం. 2025 అక్టోబరులో ఆయన పోయాడన్న వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చెప్పుల గుట్టే.

తర్వాత తెలుగులో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందో బ్రహ్మ' వచ్చింది. గట్టిగా అరవకుండా, ఎవరినీ కొట్టకుండా, నిదానంగా మాట్లాడుతూ నవ్వించడం ఆయన దగ్గరే చూడాలి. 1993లో 'జబాన్ సంభాల్‌కే' వచ్చింది. అందులో పంకజ్ కపూర్ హిందీ నేర్పే మాస్టారు. తమిళుడి హిందీ, గుజరాతీ హిందీ, ఇంగ్లీషువాడి హిందీ – అన్నీ నవ్వులాటే. ఈ సీరియల్ నాకెందుకు నచ్చిందంటే, అక్కడ ప్రతివాడి యాసా సమానంగా నవ్వులపాలవుతుంది. ఒక్కడే నిలబడి తక్కినవాళ్ళచేత నవ్వించుకోవడం వుండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక 'అమృతం'. 2001 నవంబరులో జెమినీలో మొదలై 2007 నవంబరు దాకా నడిచిన ఈ సీరియల్ మీద నాకున్న అభిమానం చెప్పాలంటే ఒక సంచిక చాలదు. గుణ్ణం గంగరాజు తీసిన ఈ సీరియల్‌లో ఇద్దరు మిత్రులు హోటల్ నడుపుతారు. ఇంటి ఓనరు అప్పాజీ అద్దె కోసం పీకల మీద కూర్చుంటాడు. అంతే కథ! అమృతం పాత్రలో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ – ఇలా మనుషులు మారారు. ఆంజనేయులు మాత్రం మారలేదు. గుండు హనుమంతరావు మొహంలో ఒక రకమైన దిగులు వుంటుంది, చూశారా? పక్కవాడి తెలివితక్కువతనానికి తాను బలి కాబోతున్నానని అయిదు నిమిషాల ముందే తెలిసినవాడి దిగులు. ఆ మొహం చూసి నవ్వని ఆదివారం మా ఇంట్లో లేదు. 2018 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసిన రోజు మా అమ్మ, సినిమాలు అంతగా పట్టించుకోని మనిషి, "అయ్యో, మన ఆంజనేయులు పాయెనా" అంది. పాత్ర పేరుతో, అదీ 'మన' అని కలుపుకుని ఏడిపించుకున్న నటులు ఎందరుంటారు చెప్పండి?

సినిమాల్లో నా దేవుడు జంధ్యాల. ఇందులో చర్చకు తావు లేదు. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలుపెడితే టైటిల్స్ దగ్గర్నుంచి చెబుతుంది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా విషయానికి రాకుండా సాగదీస్తే ఆ సీనే తలచుకుంటాం. 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే పిసినారితనం, అరగుండు బ్రహ్మానందం అవస్థ – వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివే రోజుల్లో మేము ఈ సీన్లు బట్టీపట్టి హాస్టల్ వరండాలో వేసేవాళ్ళం. వనపర్తి రాజుల బంగళాలోనే ఆ కాలేజీ. రాజుగారి స్తంభాల కింద కూర్చుని పప్పుచారు పోసుకుంటూ, ఊహల్లో కోడిని నంజుకునేవాళ్ళం.

ఇంతవరకు బాగానే వుంది. చిక్కు తెచ్చిపెట్టింది మా మేనల్లుడు.

వాడికి ఇరవయ్యేళ్ళు. వనపర్తిలో మా అక్క కొడుకు. పోయిన దసరాకు వాడితో కూర్చుని నా అభిమాన చిత్రాల పట్టిక చదివి వినిపించాను. 'గుండమ్మ కథ' (1962)తో మొదలెట్టి 'బాబాయ్ హోటల్' (1992) దాకా. వాడంతా విని, ఫోన్ పక్కనబెట్టి ఒక్క ప్రశ్న అడిగాడు.

"అన్నీ మంచిగనే వున్నయి మామా. కని వీటిల మనం యాడున్నం?"

"మనమేందిరా?" అన్నాను.

"అదే మామా, మన లెక్క మాట్లాడేటోడు."

నేనేమీ తడుముకోలేదు. ఆ సంగతి నాకు కొత్త కాదు. అయితే ఇన్నేళ్ళూ అభిమానిగా దాన్ని ఒక పక్కన పెట్టి నవ్వుకుంటూ వచ్చినవాణ్ణి. వాడు అడిగాడు గనక మీకూ చెబుతాను.

ఆ రోజుల్లో మా మాట సినిమాలో అసలు వినబడలేదని కాదు. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు మంత్రి కాశయ్యగా తెలంగాణ యాస మాట్లాడాడు. కంకిపాడు నుంచి వచ్చిన మనిషి ఆ యాసను పట్టుకున్న తీరుకు చేతులెత్తి మొక్కాలి. హాల్లో ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఈలలు. 1993లో 'గాయం'లో మళ్ళీ అదే ఊపు. 2025 జూలైలో ఆయన పోయేదాకా ఆ పాత్రల గురించి జనం చెప్పుకుంటూనే వున్నారు. నేనూ చెప్పుకున్నాను. ఇప్పుడు కూడా ఆయన్ని అనడానికి నాకు నోరు రాదు. అయితే సినిమా తర్వాత సినిమా అదే అచ్చు దిగింది. మా యాస మాట్లాడేవాడు విలన్ కావాలి, లేదా రౌడీ కావాలి, అదీ కాకపోతే పనివాడు. ప్రేమించేవాడు, చదువుకున్నవాడు, ఇంటికి పెద్దకొడుకు – వీళ్ళెవరూ మాలాగ మాట్లాడరు. 1992లో 'మొండి మొగుడు పెంకి పెళ్ళాం'లో విజయశాంతి మా యాసలో దడదడలాడించింది కదా అనవచ్చు. నిజమే, ఆ సినిమా నాలుగుసార్లు చూశాను. కాని అందులోనూ ఆ యాస ఆమె పెంకితనానికి గుర్తే గదా!

మా గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పాత కామెడీల్లో మా మాటకు అంచు మర్యాద కూడా దక్కలేదు. చీర మీద పడ్డ పసుపు మరకలా చూశారు.

దీనివల్ల ఎవరికేం నష్టం, నవ్వుకోవడానికే గదా అంటారేమో. వినండి. డిప్లొమా చేతికొచ్చాక 1993లో హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. నేను జవాబు చెబుతూ ఎక్కడో "గట్ల గాదు సార్" అన్నాను. అంతే! మధ్యాయన కళ్ళజోడు తీసి, అచ్చం సినిమాలో విలన్ గొంతుతో "ఏం తమ్మీ, గట్లనా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. చెడ్డ నవ్వు కూడా కాదది. హాల్లో నవ్వినట్టే హాయిగా నవ్వారు. ఆ తర్వాత నేను చెప్పిన జవాబు ఒక్కటీ వాళ్ళ చెవికెక్కలేదు. ఉద్యోగం వచ్చిందా రాలేదా అన్నది అట్లా వుంచండి. ఆ సాయంత్రం గద్వాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెదాల మధ్య "అలా కాదండీ, అలా కాదండీ" అని వల్లించుకుంటూ వచ్చాను. షాద్‌నగర్ దాటింది, జడ్చర్ల దాటింది, నేను ఆపలేదు. ఆఫీసులో ఒక తెలుగు, ఇంట్లో ఒక తెలుగు అప్పట్నుంచే. ఈ వ్యాసం చూడండి, ఇదీ పుస్తకాల తెలుగులోనే నడుస్తోంది. మేనల్లుడు చదివి, "మామా, ఇది రాసింది నువ్వేనా, విజయవాడల ఎవర్నన్న పెట్టుకున్నవా?" అన్నాడు.

వాడి తరానికి ఈ బాధ లేదు. వాడి దేవుళ్ళు వేరు. 2016లో తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' తీశాడు. అందులో కౌశిక్‌గా ప్రియదర్శి మాట్లాడింది చూడండి. యాస మీద జోకు ఒక్కటి లేదు. జోకులన్నీ ఆ యాసలో పుట్టినవి. ఈ రెంటికీ నడుమ వున్న తేడాయే నేను చెప్పదలచుకున్నది. మనిషి మాట్లాడే తీరును చూపించి నవ్వించడం ఒకటి. ఆ మనిషికి తెలివీ, చిరాకూ, ఆకలీ ఇచ్చి అతనిచేతనే నవ్వించడం మరొకటి. మొదటి దాంట్లో నవ్వు ముగిసేసరికి మనిషి చిన్నవాడవుతాడు. రెండో దాంట్లో మనకు దోస్తు అవుతాడు.

2021 మార్చిలో 'జాతిరత్నాలు' వచ్చినప్పుడు మేనల్లుడు పట్టుబట్టి నన్ను తీసుకుపోయాడు. కథలో పస లేదని ముందే అంటాను. సగం సినిమా తాడూ బొంగరం లేకుండా తిరుగుతుంది. అయినా జోగిపేట నుంచి పట్నానికి బయల్దేరిన ఆ ముగ్గురు దద్దమ్మల్ని చూస్తే కడుపుబ్బిపోయింది. లేడీస్ ఎంపోరియం కొడుకు హీరో అట! నవీన్ పోలిశెట్టి ఆ వేషంలో కోర్టులో వాదిస్తుంటే, జడ్జిగా బ్రహ్మానందం చూసే చూపు ఒక్కటి చాలు, టికెట్ డబ్బులకు. మా చిన్న ఊళ్ళల్లో అట్లాంటి ఎంపోరియాలు, అట్లాంటి కొడుకులు వీధికొకరున్నారు.

అయితే నా ఓటు వీటికి కాదు, 'బలగం'కు (2023). ఏడుపు సినిమాలంటే ఆమడ దూరమన్నాను గదా, చావు చుట్టూ తిరిగే సినిమాకు ఓటేస్తున్నాడేమిటని అనుకోకండి. మొదటి సగం చూసినవాడికి తెలుస్తుంది అదెంత కామెడీయో. ముసలాయన పోయాడు. మనవడికి అప్పులవాళ్ళ బాధ, రేపు నిశ్చితార్థం. ఎప్పుడో విందులో నల్లిబొక్క వేయలేదన్న మాట మీద బావాబామ్మర్దులకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. పిండం పెడితే కాకి ముట్టదు. మా ఊళ్ళో జరగనిది ఏదైనా వుందా ఇందులో? దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల మనిషి. 'జబర్దస్త్'లో వేషాలేసి వచ్చినవాడు. 2013లో మొదలైన ఆ కార్యక్రమం మీద నాకు సదభిప్రాయం తక్కువ. మగవాడికి చీర కట్టడం, నల్లటివాణ్ణి, లావుటివాణ్ణి వెక్కిరించడం వారంవారం చూసి విసిగిపోయాను. కాని ఆ గోల నుంచే ఇంత నెమ్మదైన సినిమా తీసినవాడు వచ్చాడంటే, గోలకు కూడా ఒక నమస్కారం పెట్టాలి. ఆ ఏడాది ఊళ్ళల్లో తెరలు కట్టి జనమంతా కలిసి ఈ సినిమా చూశారు. మా వసారాలో చెప్పుల గుట్టలు పడ్డ కాలం మళ్ళీ వచ్చినట్టుండింది.

వనపర్తి మాట వచ్చింది గనక ఇంకో సంగతి. 2024లో సిద్ధార్థ్, అదితీరావు హైదరీల పెళ్ళి వనపర్తి పక్కన శ్రీరంగాపురం గుళ్ళో జరిగింది, పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. వనపర్తి సంస్థానం వాళ్ళు అదితికి అమ్మ తరఫువాళ్ళు. అదే కుటుంబపు ఇంకో మనవరాలు కిరణ్ రావు అదే ఏడాది హిందీలో 'లాపతా లేడీస్' తీసింది. రైల్లో ముసుగుల కింద పెళ్ళికూతుళ్ళు తారుమారైన కథ. మన దేశం తరఫున ఆస్కార్‌కు పంపిన సినిమా. ఊళ్ళోవాళ్ళ హిందీ అట్లాగే వుంటుంది, ఎవ్వరూ దాన్ని చూసి నవ్వరు. నవ్వంతా మొగుళ్ళ బెదురు మీద, పోలీసు లంచాల మీద, ముసుగు మీద. చూస్తున్నంతసేపూ నాకొక్కటే ఆశ – ఈ కథ మా వనపర్తి రోడ్ స్టేషన్‌లో, మా మాటలో జరిగివుంటేనా!

ఇక్కడే మేనల్లుడితో నాకు పోట్లాట. వాడు మన యాస సినిమాకెక్కింది, పండగ చేసుకోమంటాడు. నేను కొంచెం ఆగమంటాను. సినిమాకెక్కింది పట్నం మాట, కరీంనగర్, సిరిసిల్ల మాట. సంతోషమే. కాని నేను చూసిన కామెడీల్లో నడిగడ్డ మాట ఇంతవరకు వినలేదు. కృష్ణా తుంగభద్రల నడుమ మా గద్వాల, అలంపూర్ మాటకు ఒక పక్క కర్నూలు గాలి, ఇంకో పక్క రాయచూరు కన్నడం తగులుతాయి. నాగర్‌కర్నూల్‌కు వస్తే రాగమే మారిపోతుంది. ఇదంతా ఒకే 'తెలంగాణ స్లాంగు' అని ఒక డబ్బాలో పోసి, ప్రతి కమెడియన్‌చేత "ఏం రా భై" అనిపించి, చేతికో సీసా ఇచ్చి, దావత్ పాట పెట్టేస్తే సరిపోయిందనుకుంటున్నారు ఈమధ్య. వెనకటి విలన్ వేషం తీసి తాగుబోతు వేషం వేశారంతే. మేనల్లుడు దీనికి ఒప్పుకోడు. "నీకు దేంట్లనన్న వంక దొరకాలె మామా" అంటాడు.

మాకు దగ్గరగా వచ్చినవాడు బుల్లితెర మీద బిత్తిరి సత్తి. చేవెళ్ల వైపు మనిషి. వి6లో 'తీన్మార్ వార్తలు'లో ఆ అమాయకపు మొహంతో మంత్రుల్ని అడగరాని ప్రశ్నలు అడిగినట్టు మాట్లాడుతుంటే మా అమ్మ అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపేసేది. అమాయకుడు వాడు కాదు, ఎదుటివాడు! అది మా తుపాకి రాముడి విద్య. 2019లో ఆ పేరుతోనే సత్తి హీరోగా సినిమా వచ్చింది కూడా. మీలో పట్నంవాళ్ళు చూసివుండరు గాని, మా ఊళ్ళల్లో తుపాకి రాముడు కట్టె తుపాకి భుజాన వేసుకుని, పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వీధిలోకి వస్తే పిల్లలు బడి ఎగ్గొట్టేవాళ్ళు. "మా ఇంట్ల పెండ్లికి పిడికెడు బియ్యం వండితిమి. ఊరంత తినె, మిగిలింది జూరాల డ్యాముల పారబోస్తే గేట్లు ఎత్తవలసొచ్చె" – ఇట్లా వుండేవి కోతలు. తినడానికి లేనివాడు లక్షలు, బంగళాలు, ఏనుగుల గురించి కోస్తుంటే ఎదురుగా వున్న పటేలు కూడా నవ్వేవాడు, తనమీదే జోకు పడుతోందని తెలియక.

పాట విషయంలో మా ప్రాంతానికి ఆ లోటు లేదు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి గోరటి వెంకన్న పాట తెలుగునాడంతా తిరిగింది. కిన్నెర మొగులయ్య గొంతు 2022లో 'భీమ్లా నాయక్'తో వెండితెరకెక్కింది, అదే ఏడు పద్మశ్రీ వచ్చింది. పాట చేరింది, నవ్వు ఇంకా బస్సెక్కలేదు. మేము కరువు గురించి, వలస గురించి పాడితే వింటారు. మేము జోకులేస్తామని మాత్రం ఎవరికీ తోచదు. బొంబాయికి వలసపోయి వచ్చినవాళ్ళు రచ్చకట్ట మీద కూర్చుని మేస్త్రీలను అనుకరిస్తుంటే వినాలి మీరు. ఆ కష్టంలో కూడా అంత నవ్వు ఎట్లా ఏరుకొచ్చారా అనిపిస్తుంది.

కథ కావలసినవారికి బోలెడు సరుకుంది. మగ్గం మీద పెళ్ళిచీర సగంలో వుండగా పెళ్ళి తప్పిపోతుంది, నేసినవాడికి చీర మీద మనసు, నేయించినవాడికి డబ్బు మీద మనసు. జూరాల ముంపులో పొలం పోయి పరిహారం వస్తే ఇంటిల్లిపాదీ ఎవరికి వాళ్ళు ఖర్చు రాసుకుంటారు. 2016 అక్టోబరులో ఒక జిల్లా మూడు నాలుగు జిల్లాలై, ఏ కాయితం ఏ ఊరి ఆఫీసులో వుందో తెలియక తిరిగే ముసలాయన వుండడా? వీటిలో దేన్ని తీసుకున్నా రెండున్నర గంటలు జనం కుర్చీల్లో నిలవరు.

నిర్మాతలకు, దర్శకులకు ఒక్కటే మనవి. యాస నేర్పడానికి పట్నం నుంచి మాస్టర్లను తేవద్దు. గద్వాల బస్టాండులో ఒక అరగంట చాయ్ తాగుతూ నిలబడండి. సంత రోజైతే ఇంకా మంచిది.